కొడవలికి ఒక టోకెన్ ఇప్పించండి

వికారాబాద్ జిల్లా ప్రధాన న్యాయమూర్తి గారికి,



మాది తాండూరు దగ్గర పల్లె. భూమి పంచాయితీ ఒకటి మెడకు పడి కోర్టులకు తిరుగుతున్నవాణ్ణి. ఆ కేసు గురించి ఇందులో ఒక్క ముక్క కూడా రాయను. నడుస్తున్న కేసు మీద జడ్జి గారికి ఉత్తరం రాయకూడదని మా వకీలు సాబ్ చెప్పకముందే నాకు తెలుసు. అడగబోయేది గేటు గురించి. కోర్టు గేటులోంచి ఏ ఆయుధం లోపలికి రావచ్చు, ఎవరి దగ్గరుంటే రావచ్చు, రాకూడనిది చేతిలో ఉన్న మనిషి దాన్ని ఎక్కడ పెట్టి రావాలి, ఈ సంగతులు అందరికీ అర్థమయ్యేలా రాయించి వికారాబాద్‌లోనూ తాండూరులోనూ గేటుకు కట్టించండి. పక్కనే తాళం వేసే ఒక అర, చేతికిచ్చే ఒక టోకెన్ పెట్టించండి. ఇప్పటికే ఇలాంటి ఉత్తర్వు మీ ఫైల్లో ఉంటే, దాన్ని బోర్డు మీదికి ఎక్కించండి చాలు.

ఎస్పీ గారికి రాయకుండా మీకెందుకు రాస్తున్నానని అడగవచ్చు. 2023 ఆగస్టు 11న ప్రద్యుమన్ బిష్త్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ దీపాంకర్ దత్తా ఇచ్చిన తీర్పు మీకు నాకంటే బాగా తెలుసు. ప్రతి రాష్ట్రంలోనూ హైకోర్టు, హోంశాఖ, డీజీపీ సంప్రదించుకుని కోర్టుల భద్రతకు ప్రణాళిక తయారు చేయాలని, అది జిల్లా కేంద్రాల్లోని కోర్టులకే కాక దూరాన ఉన్న కోర్టులకు కూడా ఉండాలని అందులో చెప్పారు. ఒళ్లు తడమడం, మెటల్ డిటెక్టర్లు, సంచులకు స్కానర్లు, కెమెరాలు, అంబులెన్సు దాకా పోయారు. కోర్టు ఆవరణను జనం అడ్డదారిగా వాడుకుంటుంటే అవసరమైతే పూర్తిగా ఆపమన్నారు. దూరాన ఉన్న కోర్టు అంటే మా తాండూరే. మన జిల్లాకు సొంత జిల్లా కోర్టు వచ్చింది కూడా నిన్నమొన్ననే, 2022 జూన్ 2న. అంతకుముందు పెద్ద కోర్టంటే రంగారెడ్డి జిల్లా కోర్టు, ఎల్బీనగర్ ప్రయాణం. ప్రణాళిక హైదరాబాద్‌లో ఎవరు రాసినా, గేటు మీ ఆవరణది. గేటు దగ్గర కానిస్టేబుల్ ఏం చేయాలో మీ సంతకం ఉన్న కాగితం చెబితే ఆయనకు బలం, మాకు ధైర్యం.

మన దిక్కు సంచిలో కత్తి ఉండడం వింత కాదు. పొద్దున కంది చేనులో పని చూసుకుని అటునుంచి అటే పేషీకి వచ్చే మనిషి దగ్గర కొడవలి ఉంటుంది. మేకల కాపరి భుజాన గొడ్డలి ఉంటుంది, కొమ్మ కొట్టి మేపకపోతే ఎండాకాలంలో మంద బతకదు. గీత కార్మికుడు మోకు, ముస్తాదు ఇంటి దగ్గర పెట్టినా గీసే కత్తిని ఎవరికీ అప్పగించడు. నాపరాయి గనుల్లో, పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ల సంచుల్లో ఉలి, సుత్తె. వాయిదా రోజే తాండూరు బజారులో కొత్త కొడవళ్లు కొనుక్కుని, కాగితంలో చుట్టి చంకన పెట్టుకుని కోర్టుకు వచ్చేవాళ్లున్నారు, ఎందుకంటే ఒక కూలి పోగొట్టుకుని వచ్చినరోజు రెండు పనులు కావాలి. మెటల్ డిటెక్టర్ వీళ్లందరికీ ఒకేలా మోగుతుంది.

చట్టం మాత్రం వీళ్లను ఆయుధధారులనలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం నిర్వచనంలోనే, ఇంటి పనికి, సేద్యానికి మాత్రమే చేసిన వస్తువులు ఆయుధాలు కావని ఉంది. లాఠీని, ఊతకర్రను పేరుపెట్టి మరీ మినహాయించారు. 2016 నాటి నియమాల్లో తొమ్మిది అంగుళాల కంటే పొడవు గాని, రెండు అంగుళాల కంటే వెడల్పు గాని ఉన్న అలుగు లెక్కలోకి వస్తుంది. అక్కడ కూడా సేద్యం, ఇల్లు, పరిశ్రమ పనిముట్లను పక్కన పెట్టారు. అంటే కొడవలితో కోర్టుకొచ్చిన రైతు ఆయుధాల చట్టం ప్రకారం ఏ తప్పూ చేయలేదు. అయినా కొడవలితో అతన్ని కోర్టు హాలులోకి పంపమని నేను కూడా అడగను. పాలివాళ్లు ఎదురెదురు బెంచీల మీద కూర్చునే చోటు అది. మాట పెరగడానికి ఒక చూపు చాలు.

ఇక్కడే చిక్కు. చట్టం అలుగును చూస్తుంది, గేటు చోటును చూడాలి. ఈ రెండింటి మధ్య రాతపూర్వకమైన నియమం ఏదీ కళ్లెదుట లేకపోతే గేటు దగ్గరి కానిస్టేబుల్ ముందు మూడు దారులుంటాయి. వెనక్కి పంపవచ్చు. అప్పుడు లోపల బంట్రోతు పేరు పిలిచే వేళకు మనిషి ఉండడు. ముద్దాయి అయితే వారెంటు, దావా వేసినవాడైతే గైరుహాజరు కింద కొట్టివేత. లేదా వస్తువును గుంజుకోవచ్చు. రశీదు లేదు, సాయంత్రానికి డ్యూటీ మారుతుంది, కొడవలి పోయినట్టే. మూడోది చూసీ చూడనట్టు వదిలేయడం, అది ఎప్పుడూ మనిషిని బట్టి జరుగుతుంది. ఇస్త్రీ బట్టలవాణ్ణి వదిలి గోచీ పంచెవాణ్ణి ఆపడం ఏ ఉత్తర్వులోనూ ఉండదు, ఏ గేటుకూ కొత్త కాదు.

వెనక్కి పంపిన మనిషి ఏం చేస్తాడో కోర్టులకు తిరిగిన వాళ్లందరికీ తెలుసు. బయట చాయ్ బండి వాణ్ణి బతిమాలతాడు. వాడు ఒప్పుకోకపోతే ప్రహరీ పక్కన తుప్పల్లో దాచి, గుర్తుకు ఒక రాయి పెట్టి లోపలికొస్తాడు. భద్రత పేరుతో మనం సాధించింది ఏమిటి? పదును పెట్టిన కొడవలి ఒకటి కోర్టు గోడకు పది గజాల్లో, కాపలా లేకుండా, దారిన పోయే ఎవరికైనా అందేలా పడి ఉంది. కోర్టులోంచి కోపంతో బయటికొచ్చే మనిషికి అది ఎక్కడుందో తెలుసు కూడా. ఆ కొడవలి తాళం వేసిన అరలో ఉంటే, అడిగి తీసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఇచ్చేవాడు ముఖం చూస్తాడు, పుస్తకంలో పేరుంటుంది. నేను టోకెన్ అడుగుతున్నది రైతు మీద జాలితో మాత్రమే అనుకోకండి, లోపల కూర్చునే నా ప్రాణం కోసం కూడా.

ఇంగ్లండ్ వాళ్లు దీన్ని చట్టంగానే రాసుకున్నారు. 2003 కోర్టుల చట్టంలో భద్రతా అధికారికి సోదా చేసే, ప్రమాదకరమైన వస్తువు అప్పగించమనే, ఇవ్వనివాణ్ణి లోపలికి రానివ్వకుండా ఆపే అధికారం ఇచ్చారు. ఆ వస్తువును మనిషి కోర్టు విడిచి వెళ్లేదాకా ఉంచుకోవచ్చని, దానికి లెక్క రాయడానికి, వస్తువు ఇచ్చినవాళ్లకు ఈ అధికారం గురించి రాతలో తెలపడానికి నియమాలు చేయవచ్చని కూడా పెట్టారు. అమెరికాలో తుపాకి కొనడం మనకంటే ఎంత తేలికో మనకు తెలుసు. ఆ దేశంలో కూడా ఫెడరల్ కోర్టులోకి ఆయుధం తేవడం నేరం. అయితే ప్రతి ద్వారం దగ్గరా నోటీసు కనబడేలా పెట్టకపోతే, ఆ సంగతి ఆ మనిషికి వేరే విధంగా తెలిసి ఉంటే తప్ప, ఆ నేరం కింద శిక్ష వేయకూడదని అదే చట్టంలో ఉంది. ముందు చెప్పు, తర్వాత పట్టుకో అన్న ఈ మర్యాద నాకు నచ్చింది. మనం ఇంగ్లండ్ వాళ్ల దగ్గర్నుంచి నల్లకోటు తెచ్చుకున్నాం, సెలవులు తెచ్చుకున్నాం, ఇది కూడా తెచ్చుకుంటే పోయేదేముంది?

కోటు మాట వచ్చింది కాబట్టి. 2021 సెప్టెంబరు 24న ఢిల్లీ రోహిణి కోర్టు హాలులో, జడ్జి గారు ఉండగానే, జితేందర్ గోగి అనే ముఠా నాయకుణ్ణి ఇద్దరు కాల్చి చంపారు. ఇద్దరూ వకీళ్ల వేషంలో వచ్చారు. పోలీసులు ఎదురుకాల్పులు జరిపి ఆ ఇద్దరినీ అక్కడే చంపారు. 2023 జూన్ 7న లక్నో కోర్టులో సంజీవ్ జీవా అనే ముఠా మనిషిని చంపినవాడూ నల్లకోటులోనే వచ్చాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఢిల్లీ సాకేత్ కోర్టు ఆవరణలో ఒక మహిళ మీద కాల్పులు జరిపింది వేషగాడు కూడా కాదు, సస్పెన్షన్‌లో ఉన్న వకీలు. గేటు దగ్గర కోటును చూసి పక్కకు జరగడం మన దగ్గర అలవాటు. గౌరవంతో పుట్టిన అలవాటే, కాదనను. రోహిణి తర్వాత ఢిల్లీలో వకీళ్లకు కూడా తనిఖీ తప్పనిసరి అయింది. లైసెన్సు తుపాకితో కోర్టుకు వచ్చిన ఒక యువ న్యాయవాది విషయంలో, లైసెన్సు ఉన్నంత మాత్రాన కోర్టు ఆవరణలోకి తుపాకి తేవడం హక్కు కాదని అలహాబాద్ హైకోర్టు 2023లో చెప్పింది. తుపాకి లైసెన్సు షరతుల్లో జాతరకు, మత ఊరేగింపుకు, జనం కూడిన సభకు, విద్యాసంస్థ ఆవరణకు తుపాకి తీసుకుపోవద్దని ఉంటుంది. తిరునాళ్లకు పనికిరాని తుపాకి న్యాయస్థానానికి ఎలా పనికొస్తుంది?

మా బార్ అసోసియేషన్ పెద్దలు నొచ్చుకోవచ్చు. వాళ్లకు నా మనవి: తనిఖీ చేసేది మిమ్మల్ని కాదు, మీ వేషం వేసుకుని రాగలిగేవాణ్ణి. మహిళా న్యాయవాదులకు, ఆడవాళ్లందరికీ తెర కట్టిన చోటు, మహిళా కానిస్టేబుల్ ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు గానీ, చెప్పకపోతే జరగదని కూడా తెలుసు.

గన్‌మన్ల సంగతి ఇంకొంచెం ఇబ్బంది. మన జిల్లాలో నాయకులకు కొదవ లేదు, వాళ్ల మీద కేసులకు అంతకన్నా లేదు. నాయకుడు కోర్టుకొస్తే వెంట సర్కారు తుపాకి వస్తుంది. ఆ తుపాకి చట్టబద్ధమే. అయితే సాక్షి బోనులో నిలబడిన కూలిమనిషికి అది చట్టబద్ధమా కాదా అన్న ఆలోచన రాదు, అది ఎవరి వైపు నిలబడిందో కనిపిస్తుంది. గన్‌మన్ కోర్టు హాలు బయటే ఆగాలని, లోపల రక్షణ కోర్టు పోలీసులదేనని రాయించండి. జైలు నుంచి ఖైదీలను తెచ్చే ఎస్కార్టుకు తుపాకి లేకుండా కుదరదు, ఒప్పుకుంటాను. వాళ్లు ఎక్కడ కూర్చోవాలి, హాలులోకి ఎందరు రావాలి అనేది మీరు తేల్చాల్సిందే.

సిక్కుల కిర్పాణ్ గురించి కూడా బోర్డులో ఒక మాట ఉండాలి. రాజ్యాంగం 25వ అధికరణం వివరణలోనే కిర్పాణ్ ధరించడం మతాచరణలో భాగమని ఉంది. మన దగ్గర అరుదే, కానీ అరుదుగా వచ్చినప్పుడే గేటు దగ్గర గొడవ అవుతుంది.

తాళాలు, డిటెక్టర్లు అన్నీ పెట్టినా మిగిలేది ఒకటుంది. 2004 ఆగస్టు 13న నాగపూర్ కోర్టులో అక్కూ యాదవ్‌ను కస్తూర్బా నగర్ ఆడవాళ్లు కూరగాయల కత్తులతో, కారంపొడితో చంపారు. ఏళ్ల తరబడి తమను పీడించినవాడు బెయిలు మీద మళ్లీ బస్తీకి వస్తాడని వాళ్ల భయం. పదేళ్ల తర్వాత ఆ కేసులో నిందితులందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. కారంపొడి మెటల్ డిటెక్టర్‌కు దొరకదు. కోర్టులో తేలదన్న నమ్మకం మనిషిలో కుదిరిపోయాక వంటగదిలో ఉన్నదంతా ఆయుధమే. ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి కోర్టులో 2025 ఫిబ్రవరిలో జీవితఖైదు పడిన ఒకతను జడ్జి గారి మీద చెప్పు విసిరాడు. చెప్పులకు టోకెన్ ఇమ్మని నేను అడగడం లేదు, గుడి అనుకుంటారు.

గేటులోంచి చట్టబద్ధంగా వచ్చే ఆయుధాలు మరికొన్ని ఉన్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. కేసు ప్రాపర్టీ. హత్యకేసులో పట్టుబడిన కత్తి తెల్లగుడ్డలో, లక్క ముద్రతో కోర్టుకే చేరుతుంది. విచారణ రోజు మూట విప్పి, దాని సాక్ష్యపు నంబరు (ఎం.ఓ. నంబరు) చెప్పి, ఇదేనా ఆ కత్తి అని సాక్షిని అడుగుతారు. ముద్దాయి నాలుగడుగుల దూరంలో ఉంటాడు. ఇన్నేళ్లుగా ఏమీ జరగలేదంటే అది కోర్టు సిబ్బంది జాగ్రత్త, కొంత మన అదృష్టం. 2019 నవంబరులో దక్షిణాఫ్రికాలోని ఇక్సోపో అనే చిన్న ఊరి కోర్టులో సాక్ష్యంగా తెచ్చిన తుపాకి పేలి ప్రభుత్వ న్యాయవాది చనిపోయారు. నాటు తుపాకుల కేసులు మన అడవి పక్క ఊళ్లలో కూడా ఉంటాయి కాబట్టి, అలాంటిది బల్ల మీదికి వచ్చే ముందు తెలిసినవాడు విప్పి, ఖాళీగా ఉందని చూపించాలన్న నియమం రాయించండి. దాచిన గదికి తాళం ఒక్కటే చాలదు. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు కోర్టులో దొంగలు పడి ఒక కేసు సాక్ష్యాలున్న సంచినే ఎత్తుకుపోయారు, విచారణ సీబీఐ దాకా పోయింది. అదే నెల్లూరు కోర్టు ఆవరణలో 2016 సెప్టెంబరు 12న, అంతకు అయిదు నెలల ముందు ఏప్రిల్ 7న చిత్తూరు కోర్టు ఆవరణలో బాంబులు పేలాయి. తెలుగు నేల మీద ఇలాంటివి జరగవనే భరోసా అప్పుడే పోయింది.

ఇక నన్ను నిజంగా భయపెట్టేది గేటు బయట ఉంది. 2018 సెప్టెంబరు 26న హైదరాబాద్ అత్తాపూర్‌లో ఒక హత్యకేసు ముద్దాయిని పట్టపగలు, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద, గొడ్డలితో నరికి చంపారు. అతను ఉప్పర్‌పల్లి కోర్టులో వాయిదా చూసుకుని వస్తున్నాడు. చుట్టూ వాహనాలు, జనం, ఫోన్లలో వీడియోలు. 2021 ఫిబ్రవరి 17న హైకోర్టు న్యాయవాదులు గట్టు వామన్‌రావు, నాగమణి దంపతులు మంథని కోర్టు నుంచి తిరిగి వెళ్తుంటే పెద్దపల్లి జిల్లా కల్వచర్ల దగ్గర కారు ఆపి కత్తులతో చంపారు. ఆ కేసును 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు సీబీఐకి అప్పగించింది. రెండు చోట్లా ఏ కోర్టు గేటూ విఫలం కాలేదు. ఆయుధం గేటు దాకా రావాల్సిన అవసరమే లేకపోయింది. పగ ఉన్నవాడికి వాయిదా తేదీ ఒక ఆహ్వానపత్రిక. ఫలానా రోజు, ఫలానా వేళకు, ఫలానా దారిలో ఆ మనిషి తప్పక వస్తాడని కోర్టే రాసిచ్చింది. రానంటే వారెంటు.

అందుకే, హత్య, పరువు, పాలివాళ్ల రక్తపాతం ఉన్న కేసుల వాయిదాలు ముందే ఎస్పీ గారికి చేరేలా చూడండి. ప్రాణభయం ఉందని అర్జీ పెట్టుకున్న వ్యక్తికి బస్టాండు దాకా, రైల్వే స్టేషను దాకా తోడు దొరకాలి. తాండూరు నుంచి వికారాబాద్‌కు రైల్లో వచ్చేవాళ్లే ఎక్కువ. రెండు పక్షాలూ ఒకే రైలుకు వచ్చి, ఒకే డబ్బాలో తిరిగి పోవాల్సి వస్తుంది. వీలైనచోట ఒక పక్షాన్ని ముందు, రెండో పక్షాన్ని అరగంట ఆగి వదలండి. దీనికి యంత్రం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

భద్రత పేరుతో జనాన్ని తగ్గించే ఆలోచన మాత్రం వద్దని ప్రార్థన. క్రిమినల్ కోర్టు బహిరంగ కోర్టని, చోటున్నంత మేరకు ప్రజలెవరైనా రావచ్చని పాత నేర ప్రక్రియా స్మృతి 327వ సెక్షన్‌లో ఉండేది, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 366లో ఉంది. కేసు లేనివాళ్లు ఎందుకొచ్చారని గద్దించే గేటు ఆ సెక్షన్‌కు విరుద్ధం. మనిషి తోడు లేకుండా కోర్టు మెట్లెక్కని ముసలమ్మలు ఉన్నారు. తోడొచ్చిన మనవణ్ణి బయట నిలబెడితే ఆమె కూడా బయటే నిలబడుతుంది.

బోర్డు మీద ఏం రాయాలో చట్టం తెలిసినవాళ్లు మీరు. నా లాంటివాడికి అర్థమయ్యేలా ఉండాలంటే ఇలా ఉంటే బాగుంటుందని ఒక నమూనా (కిర్పాణ్ మాట, ఎస్కార్టు తుపాకుల మాట మీరే చేర్చండి):

"తుపాకి, కత్తి, గొడ్డలి, కొడవలి, ఉలి, చాకు లోపలికి తేకూడదు. లైసెన్సు ఉన్నా తేకూడదు. పనిముట్లు ఇక్కడ అప్పగించి టోకెన్ తీసుకోండి, పోయేటప్పుడు టోకెన్ ఇచ్చి తీసుకోండి. డబ్బు ఇవ్వనవసరం లేదు. పనిముట్టు అప్పగించినందుకు కేసు పెట్టరు. తనిఖీ అందరికీ ఉంది: వకీళ్లకు, పోలీసులకు, నాయకులకు, కక్షిదారులకు. తనిఖీ వల్ల ఆలస్యమైతే గేటు దగ్గర చెప్పండి, మీ పేరు పిలిచే కోర్టుకు కబురు పంపుతారు."

చివరి వాక్యం చూసి మీ సిబ్బంది తల పట్టుకుంటారని తెలుసు. అన్నిటికన్నా అవసరమైనది మాకు అదే. గేటు దగ్గర వరుసలో ఉన్నవాడికి గైరుహాజరు పడితే, మర్నాటి నుంచి ఎవడూ కొడవలి అప్పగించడు, దాచిపెడతాడు.

తాండూరు గేటు మీద ఇదే మాట ఉర్దూలోనూ, సేడం, చించోళి వైపు నుంచి వచ్చేవాళ్ల కోసం కన్నడంలోనూ ఉండాలి. తండాల నుంచి వచ్చేవాళ్లలో చదవలేనివాళ్లు చాలామంది, వాళ్లకు కొడవలి బొమ్మ మీద అడ్డగీత, పక్కన తాళం బొమ్మ చాలు. కంది కోతలు డిసెంబరు చివర్లో ఊపందుకుంటాయి. ఆ రోజుల్లో పేషీకి వచ్చేవాళ్లలో సగం మంది దగ్గర కొడవలి ఉంటుంది కాబట్టి, అర, టోకెన్లు, బోర్డు ఆలోపే సిద్ధం చేయించాలని మనవి.

ఇట్లు,
తాండూరు ప్రాంతపు ఒక కక్షిదారు